ఆటగదిలో చెక్క గుర్రం

అక్కా,

బాబుకు చొక్కా కత్తిరించానని, కుట్టేసి వాయిదాకు పట్టుకొస్తానని పక్కింటమ్మాయి చేత రాయించావు. ఈసారి రావద్దు. బావ దగ్గరున్న బాబును నీకు చూపించాలన్న కేసు త్వరగా తేలాలనే కదా, నేను టైపిస్టుగా ఉన్న ఈ కొత్త కోర్టుకు మార్చారు. ఇక్కడ జడ్జిగారు లేరు.

మిగతావన్నీ ఉన్నాయి. సంస్కరణల పేరు చెప్పి జనం సొమ్ము నీళ్లలా పోశారు. పాలరాతి మెట్లు, చల్లటి హాలు, జడ్జిగారికి తోలు కుర్చీ. పిల్లలు తల్లినో తండ్రినో కలుసుకోవడానికి ఒక ఆటగది, అందులో ఊగే చెక్క గుర్రం. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారి మనవడు దానిమీద ఊగాడు. ఫొటోలు తీసి తాళం వేశారు. జడ్జిగారి ఉత్తర్వు లేనిదే అది తీయరట.

“జడ్జిగారు ఎప్పుడొస్తారండీ?” అని మా సూపరింటెండెంటుగారిని అడిగాను.

“భవనం ఎంత బాగుందో చూశావా అమ్మాయ్! డబ్బంతా దానికే అయిపోయింది. జీతాలది వేరే పద్దు, అందులో ఏమీ లేదు.”

“మరి కేసులు?”

“వాయిదా వెయ్యడానికి నువ్వూ నేనూ చాలమా ఏమిటి?”

ఇంట్లో మొదట చదువుకున్నది నేనని, కోర్టులో మనమనిషి ఉందని మురిసిపోయావు. ఆ మనిషి నీ కేసుకు ఇంకో తేదీ టైపు చేసింది.

గుర్రం చిన్నది అక్కా. తాళం తీసేనాటికి మన బాబు కాళ్లు నేలకు తగులుతాయి.

చొక్కా ఇప్పుడే కుట్టకు. ఇంకాస్త పెద్ద గుడ్డ తీసుకో.

నీ చెల్లి