చెవి మీద సుద్దముక్క

చిరంజీవి బుజ్జితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. నువ్వు వేళకింత తింటున్నావని తలుస్తున్నాను. పిల్లల ముందు రోజంతా గొంతు చించుకోకు, వేడినీళ్లు తాగుతూ ఉండు.

నీ ఉత్తరం అందింది. ఈమధ్య ఇచ్చిన కొత్త క్లాసులో మొదటిరోజు నీ చేతులు వణుకుతుంటే ముందు బెంచీ పిల్ల "టీచర్, మీకు భయమా?" అని అడిగిందని రాశావు. "అవును, నీక్కూడానా?" అన్నావట. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ ఓర్పు నీకు మీ నాన్న దగ్గరే అబ్బింది.

ఆయనకు పక్షవాతం వచ్చి మాటా అక్షరాలూ పోయిన ఏడే కదా నువ్వు ట్రైనింగులో చేరింది. హాస్టల్లో ఉండి చదవాలంటే నువ్వు గడప దాటేదానివే కాదు. ఆదివారాలు క్లాసులు, మిగతా రోజులు బట్టలకొట్టులో నీ పని నీదే, పాఠం చెప్పడం ఇంట్లోవాళ్ల దగ్గరే సాధన చేసుకోవచ్చు అన్నారు కాబట్టి కుదిరింది. ఆయన ఎప్పుడో చేసిన బీరువా తలుపు ఊడదీసి, నల్లరంగు వేసి బల్ల చేశావు. సాయంత్రం కొట్టు నుంచి రాగానే పాఠం. అయ్యాక ఆయన సుద్దముక్కను వడ్రంగి పెన్సిల్‌లా చెవి మీద పెట్టుకుని, "టీచరమ్మా, ఒక మార్కు ఎక్కువెయ్యి తల్లీ" అని బేరమాడేవారు. ఆ మాటలన్నీ నువ్వు మళ్లీ నేర్పినవే. ట్రైనింగు చివర్లో దూరపు ఊరి బడిలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి రావాలన్నారు కాబట్టే నువ్వు ఇల్లు విడిచావు.

బల్ల మీద నువ్వు రాసి వెళ్లిన అక్షరాలు నాన్న రోజూ దిద్దుతున్నారా అని అడిగావు. కిందటి ఉత్తరాల్లో దిద్దుతున్నారనే రాశాను. పైన క్షేమం అన్నదీ అలా రాసిందే. అబద్ధం రాసి దేవుడి ముందు కూర్చోలేకపోతున్నాను తల్లీ.

నువ్వు వెళ్లిన కొద్దిరోజులకే ఆయనకు మళ్లీ వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరు. నడుస్తున్నారు, తింటున్నారు. అక్షరాలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఒకరోజు నేను బట్టలారేసి వచ్చేసరికి గరుకు కాగితంతో బల్లను రుద్దుతున్నారు. తను చేసిన తలుపుకి ఎవరో మసి పూశారనుకున్నారు కాబోలు. నీ చేతిరాతా, నల్లరంగూ పోయి చెక్క బయటపడింది. అరచేత్తో నిమిరి, మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూశారు. నున్నగా వచ్చిందండీ అన్నాను. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

చెబితే నీ చదువు మధ్యలో పోతుందని దాచాను. మొన్న మీ ట్రైనింగు సెంటరు మేడమ్ నీ పుస్తకాలు ఇవ్వడానికి వచ్చి ఆయన్ను చూశారు. అమ్మాయికి ఎందుకు చెప్పలేదని అడిగితే నా భయం చెప్పుకున్నాను.

"చదువు పోదమ్మా" అన్నారావిడ. "ఇంట్లో ఇలాంటి కష్టాలుంటాయనే కదా ఈ పద్ధతి పెట్టింది. ఇప్పుడు ఆపి, మిగతాది వచ్చే విడతలో పూర్తిచేయొచ్చు. ఇప్పటిదాకా చెప్పిన పాఠాలు లెక్కలోనే ఉంటాయి."

ఆవిడను గుమ్మం దాకా సాగనంపి, అక్కడే కూర్చుని పోయిన రోజులు లెక్కపెట్టుకున్నాను. ఆ ముక్క ముందే తెలిసుంటే నిన్ను అప్పుడే పిలిచేదాన్ని. అప్పటికి ఆయన ఇంకా నిన్ను మరిచిపోలేదు. పడుకున్నా, లేచినా బుజ్జి ఏదని అడిగేవారు. కొట్టుకెళ్లింది, వస్తుంది అనేదాన్ని. అడిగి అడిగి మానేశారు. ఇప్పుడు నీ ఫోటో చూపిస్తే, ఎవరి పిల్ల అంటున్నారు. నిన్ను నేనే దూరంగా ఉంచి, ఆ కాస్త రోజులూ నీకు దక్కకుండా చేశాను. దేవుడు క్షమిస్తాడేమో, నువ్వు క్షమించమని ఎలా అడగను?

ఒక్కటి మాత్రం నీకు చెప్పాలి. పొద్దు వాలేసరికి, ఎవరూ చెప్పకుండానే, ఆయన వెళ్లి ఆ ఉత్త చెక్క ముందు కూర్చుంటున్నారు. చెవి మీద సుద్దముక్క ఉంటుంది. నిన్న వీధి గుమ్మం వైపు చూసి చూసి నన్ను అడిగారు.

"ఏమ్మా, టీచరమ్మ ఇవాళ కూడా రాలేదా?"

నేనెవరో కూడా తెలియదు తల్లీ ఆయనకు. వెంటనే బయల్దేరి రా. వచ్చాక నాన్నా అని పిలిస్తే ఆయన పలకకపోవచ్చు. మనసు కష్టపెట్టుకోకు. సుద్దముక్క అడిగి తీసుకో, పాఠం మొదలుపెట్టు.

ఇట్లు,
గుమ్మంలోనే ఎదురుచూస్తున్న
మీ అమ్మ