స్వామి ఎక్కిన బండికి కిక్కు

చిక్కడపల్లి,
ధనుర్మాసం.

చిరంజీవి అభిజిత్‌ను దీవించి అమ్మ రాయునది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, నా మోకాలూ బాగానే ఉన్నాం. ఆ సిమ్లా కొండల్లో నీ కడుపు, నీ వేళ్లు, నువ్వు టూరిస్టులను తిప్పే బండ్లు అన్నీ చల్లగా కాదు, వెచ్చగా ఉండాలని రోజూ దీపం దగ్గర చెప్పుకుంటున్నాను. ఫోను చేస్తే నేను ప్రవచనం మొదలుపెడతానని సిగ్నల్ లేదంటావు. ఉత్తరానికి ఆ సాకు చెల్లదు. చివరిదాకా చదవాలి.

ముందు నువ్వు అడిగినవి. నాన్న బీపీ గోళీలు మానలేదు, నేను మాననివ్వను. ఉన్ని చేతితొడుగులు పార్శిల్‌లో వేశాం. పొద్దున్నే మంచులో బండ్లు మొరాయిస్తున్నాయని దిగులుగా రాశావు. బిడ్డా, చలీ వేడీ వచ్చిపోయేవే, ఓర్చుకో అన్నాడు పరమాత్మ. ఆ మాట యుద్ధభూమిలో ఉన్నవాడికి ఎంతో, మంచులో కిక్కు కొట్టేవాడికీ అంతే.

ఇక మన బండి సంగతి. మూతపడిన ఆటల పార్కులోంచి తెచ్చి, బాగుచేసి, వెనక చిన్న ట్రాలీ తగిలించి మా భజన మండలికి అప్పగించి పోయావు చూడు, ఆ నాలుగు చక్రాల బైకు బ్రహ్మాండంగా ఉంది. స్వామి పటం దాని మీదే తెల్లవారుజామున వాడలన్నీ తిరుగుతోంది. మెయిన్ రోడ్డు ఎక్కొద్దని కానిస్టేబుల్ బుగ్గయ్య గారు చెప్పారు కాబట్టి సందుల్లోనే తిప్పుతున్నాం. నువ్వు నేర్పినట్టే ఎండాకాలంలో చోక్ ముట్టలేదు. ఇప్పుడు చలికి చోక్ లాగి, యాక్సిలరేటర్ తిప్పకుండా, కిక్కు సగంలో వదలకుండా కిందిదాకా నిండుగా కొడుతున్నాడు బండి నడిపే మొగిలయ్య. ఇంజన్ వేడెక్కాక చోక్ లోపలికి నెట్టేసి, అప్పుడు హారతిచ్చి స్వామిని ఎక్కిస్తాం. ఎందుకంటే స్వామి ఎక్కిన బండిని కాలితో తన్నకూడదని నియమం. పెట్టింది నేనే. ప్రవచన పీఠం మీద కూర్చుని గొంతు చించుకుని చెప్పాను. దారిలో బండి ఆగితే మళ్లీ హారతిచ్చి, పట్టుబట్ట కప్పి, మడి చేతులతో స్వామిని దించి, ఆ తర్వాతే కిక్కు.

ఇప్పటిదాకా చెప్పకుండా లాక్కొచ్చాను. ఇక చెబుతాను.

మొన్న అశోక్ నగర్ హాస్టళ్ల సందులో బండి కొంచెం గునిసింది. చలికి అనుకుని మొగిలయ్య మళ్లీ చోక్ లాగాడు. అప్పటికే కాగి ఉన్న ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగి ఠక్కున ఆగిపోయింది. రెండు పక్కలా పార్కు చేసిన బైకులు, ముందు ఎత్తు. నెట్టడానికి మొగిలయ్య తప్ప అందరం మోకాళ్ల నొప్పుల ఆడవాళ్లం. సరిగ్గా అప్పుడే వెనక ఆటో హారన్, డ్రైవరు కేక.

"అమ్మా, జర జల్దీ తీయుండ్రి! పిల్లకు దమ్ము ఆడ్తలేదు!"

దాని వెనక పాల వ్యాను. ఆటో వెనక్కి పోయే దారి లేదు. లోపల గ్రూప్స్ చదువుకునే పిల్ల, అనూహ్య అట, స్నేహితురాలి భుజం మీద వాలి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. పెదవులు నీలం.

"హారతి పళ్లెం తెండి, స్వామిని దించుదాం" అంది మా మండలి రాగిణి, హారన్ కొట్టిన ఆటోను తిడుతూనే.

"హారతి వెలిగేదాంక ఆ పిల్ల ఆగుతదా?" అన్నాను.

నియమం నాదే కదా, బిడ్డా. నా నోటి నుంచి వచ్చిన మాట నా ముందే గోడలా నిలబడింది. అన్నిట్లో ఉన్నానన్నవాడు పటంలో ఉండి, ఆ పిల్ల ఊపిరిలో లేకుండా పోతాడా? మొగిలయ్యను దిగమన్నాను. వాడు చలికి వణికిపోతున్నాడు.

"గింత సలి పెడ్తుంటే సోకు లాగకుంటే ఎట్లనమ్మా?"

"సలి నీకురా, ఇంజన్‌కు కాదు!"

చోక్ మూశాను. ఎక్కువైన పెట్రోలు పోవాలని యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకున్నాను. మడి చీర మోకాలిదాకా ఎగ్గట్టి, స్వామి వెనక నుంచి చూస్తుండగా, ఉత్త కాలితో కొట్టాను. ఇంజన్ దగ్గింది. మళ్లీ కొట్టాను. నల్లటి పొగ కక్కి లేచింది. సందు చివరికి తీసుకుపోయి పక్కకు తిప్పాను. ఆటో నారాయణగూడ ఆసుపత్రికి పోయింది. అనూహ్య బతికింది. నిన్న హాస్టల్ నుంచి ఫోను చేసింది.

కానీ నిన్న సాయంత్రం ప్రవచనంలో రాగిణి లేచి నిలబడింది. "శాంతి చేయించుకునేదాంక నళినక్క పీఠం ఎక్కొద్దు" అంది. చాలా తలలు ఊగాయి. శాంతికి నేను ఒప్పుకోలేదు. నీకు దాచిన అసలు మాట ఇది: ఆ కిక్కు కొట్టినప్పుడు నాకు పాపభయం కలగలేదు, సంతోషం కలిగింది. ఇన్నేళ్ల పారాయణలో అంత సంతోషం నేనెరుగను. దానికి శాంతి ఎట్లా చేయించుకోను?

"రేపు స్వామిని ఎక్కించినంకనే కిక్కు కొడ్త. వచ్చేటోళ్లు రండి" అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక మాత్రం గుబులు పట్టుకుంది. ఎవరూ రాకపోతే? పీఠం పోతే పోనీ, పాట పాడేవాళ్లు లేని స్వామిని ఎట్లా తిప్పను? మీ నాన్నేమో తెల్లవారకముందే స్వెటర్ తొడుక్కుని తయారయ్యారు.

ఈ పొద్దున అంతా మంచు. మేమిద్దరం, మొగిలయ్య. స్వామిని ఎక్కించాం. ఇంజన్ మంచుగడ్డలా ఉంది, చోక్ లాగాను. కాలు పెట్టాను. మోకాలు కలుక్కుమంది, కిక్కు సగంలో జారింది. ఇంకోసారీ అంతే. స్వామి ఉన్న బండిని తన్నడానికి మొగిలయ్య ముందుకు రాలేదు. వాణ్ణి బలవంతం చేయబుద్ధి కాలేదు.

అప్పుడు మఫ్లర్ చుట్టుకుని రాగిణి వచ్చింది. వెనక నలుగురైదుగురు. కొట్లాటకే అనుకున్నాను.

"జరుగక్కా. మోకాలు ఇరగ్గొట్టుకుంటవా?"

"నువ్వు శాంతి అంటివి గద?"

"అంటిని. రాత్రి ఆ పిల్ల మా ఇంటికి గూడ ఫోన్ చేసింది. హారన్ కొట్టిన ఆటోను నేను తిట్టిన, ఆ పిల్లేమో దారిచ్చిన్రని నాకే థాంక్స్ చెప్పె."

వంగి కిక్కు పెడల్‌ను ముట్టుకుని కళ్లకద్దుకుంది. చెంగు బిగించి, బండి మీద చేయి ఆనించి, నిండుగా ఒక్కటి కొట్టింది. సందంతా దడదడలాడింది. నేను ఆ పెడల్ వంకే చూస్తూ నిలబడ్డాను. రాగిణి విసుక్కుంది.

"పాట ఎత్తుకో అక్కా, పెట్రోలు దండగైతుంది!"

ఇట్లు,
నీ బాగు కోరే అమ్మ,
నళిని