రుమాలు వేసిన సీటు

ప్రియమైన ఉడతకి,

నిన్న ఫోనులో నీ రొమ్ములో గడ్డ రిపోర్టు గురించి చెబుతూ "పాజిటివ్" అన్నావు. తర్వాత ఇంకా ఏమేమో చెప్పావు. బస్సు ఇంజన్ పక్కన నిలబడి టికెట్లు కొట్టిన చెవులు కదా, ఆ ఒక్క మాటే వినపడింది. మీ అమ్మ అడిగితే అదే చెప్పాను. తింటున్న కంచం పక్కకి నెట్టేసింది. ఎంతవరకు పాకిందో దాచకుండా రాయి. ఫోను వద్దు. కాగితమైతే పదిసార్లు చదువుకుంటాను.

నీ చెవిటి నాన్న

ప్రియమైన నాన్నకి,

గడ్డ క్యాన్సరేనని మనకి ముందే తెలుసు. పాలనాళం గోడ దాటి పక్కకి చొరబడింది, అదీ నిజమే. కానీ ఈ పాజిటివ్ వేరే పరీక్షది. మంచి కబురు.

మన కణాల్లో కొన్ని ప్రొటీన్లుంటాయట. ఏ జన్యువు ఎప్పుడు పని చెయ్యాలో అవే చెబుతాయి. నా గడ్డలో అలాంటిదొకటి దండిగా దొరికింది. పాజిటివ్ అంటే అదే. డాక్టరమ్మ చెబుతుంటే నాకు నువ్వే కళ్ళముందు మెదిలావు. అది నీలాంటి కండక్టరు నాన్నా. ఈస్ట్రోజన్ అనే హార్మోను వచ్చి సీట్లో కూర్చోగానే విజిల్ వేస్తుంది, గడ్డని పెంచే జన్యువులు బయల్దేరతాయి. నాకిచ్చే మాత్ర ముందే వెళ్ళి ఆ సీట్లో రుమాలు వేస్తుంది. హార్మోనుకి చోటుండదు, విజిల్ పడదు. ఐదేళ్ళపాటు రోజూ వేసుకోవాలి. ఈ ప్రొటీన్ లేని గడ్డలకి ఆ మాత్ర పనిచెయ్యదట.

సోమవారం ఆపరేషన్. చంకలో గ్రంథులకి పాకిందో లేదో అప్పుడు తెలుస్తుంది. నాకు అదొక్కటే భయం. అమ్మని తినమను.

ఉడత

ప్రియమైన ఉడతకి,

లోకంలో ఇంకెవరూ దొరకనట్టు కండక్టరు మీదే పడ్డావా? పోనీలే. రుమాలు వేసి సీటు ఆపుకునేవాళ్ళతో ఉద్యోగమంతా తగాదా పడ్డాను. ఇప్పుడా రుమాలుకే దణ్ణం పెడుతున్నాను. మీ అమ్మకి చదివి వినిపిస్తే, "ఎప్పుడూ బస్సుల గోలేనని విసుక్కునేదాన్ని, ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది" అంది. రెండోసారి వడ్డించుకుంది కూడా.

ధైర్యంగా వెళ్ళిరా.

నీ నాన్న

ప్రియమైన నాన్నకి,

గడ్డ పూర్తిగా తీసేశారు. చంకలో గ్రంథులు నెగెటివ్. ఇక కొన్నాళ్ళు రేడియేషన్, ఆపైన మాత్రలు. చెయ్యి నొప్పిగా ఉంది, ఇంతే రాయగలను.

ఉడత

నా బంగారు ఉడతకి,

నెగెటివ్ అని చదవగానే అంతా అయిపోయిందనుకున్నాను. పాజిటివ్ మంచిదని నువ్వేగా నేర్పావు. చెప్పులైనా తొడుక్కోకుండా మందుల షాపుకి పరిగెత్తాను. షాపాయన నీ ఉత్తరం చదివి, "పెద్దాయనా, ఇక్కడ లేకపోవడమే మంచిది. గ్రంథులకి పాకలేదు" అన్నాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాను. చెప్పాడు.

"ఇంకోసారి."

"చెవుడా?"

"చెవుడే. కానీ వినపడింది. మళ్ళీ వినాలని అడుగుతున్నాను."

మీ అమ్మకి చెబితే ఏడ్చింది, నవ్వింది, చెప్పుల్లేకుండా వెళ్ళినందుకు తిట్టింది. నా తల్లీ, ఆ తిట్లు ఎంత కమ్మగా ఉన్నాయో రాయడానికి నా చదువు చాలదు.

ఇందులో నా రుమాలు మడిచి పెట్టాను. ఉతికిందే, రాస్తూ రాస్తూ మళ్ళీ తడిపేశాను, ఏమనుకోకు. నీ మాత్రల డబ్బా కింద పరుచుకో. ఏ ఒక్క రోజూ మర్చిపోకు. ఎవరొచ్చి అడిగినా గట్టిగా చెప్పు, ఈ సీటుకి మనిషి ఉందని.

ఆ మనిషి నాన్న