బయటికి కనిపించే కుట్టు

సోమవారం

ప్రియమైన పిన్నికి,

నీ ఉత్తరం అందింది. కంటి ఆపరేషన్ తరవాత సూదిలో దారం మొదటి ప్రయత్నంలోనే ఎక్కించానని రాశావు. సంతోషం. నాకు ఇప్పటికీ మూడుసార్లు పడుతుంది.

కొట్టు సంగతులు అడిగావు. కొట్టు బాగానే ఉంది. లోపలికి వచ్చేవాళ్ళే బాగాలేరు.

మొన్న సెంటావిడ వచ్చింది. ఆవిడ పేరు నాకు తెలియదు. వెళ్ళిపోయాక కూడా గంటసేపు గదిలోనే ఉంటుంది కాబట్టి అలా పిలుచుకుంటున్నాను. పోయిన నెల నా దగ్గర ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం ఒకటి కొనుక్కెళ్ళింది. "దీనికి జత కావాలమ్మా. అచ్చం ఇలాగే ఉండాలి, ఒక్క గీత కూడా తేడా రాకూడదు" అంది. మైదా జిగురులో రంగు కలిపి, కాగితం మీద పూసి, తడి ఆరకముందే దువ్వెనతో గీస్తానని, ఒకసారి పడిన గీత మళ్ళీ పడదని చెప్పాలనుకున్నాను. నోట్లోంచి "కుదరదండి" అని మాత్రం వచ్చింది.

"ఓహో, ఇంకా చెయ్యి తిరగలేదన్నమాట. పర్లేదులే, నేర్చుకుంటావు" అని నా మీద జాలిపడి వెళ్ళింది.

ఆ తరవాత ఒకాయన పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, "లోపల ఏమీ లేదేంటి?" అన్నాడు. రాసుకునే పుస్తకమండీ అన్నాను. "రాసేసింది ఉంటే ఇవ్వండి" అన్నాడు. ఆయనకు ఓటు హక్కు కూడా ఉండి ఉంటుంది.

కాన్వెంటులో గొంతు పెంచితే బెంచీ ఎక్కించేవారు. ఆ క్రమశిక్షణ వ్యాపారానికి పనికిరాదు. అందుకే ఒక అట్టముక్క మీద "ఇంకొకరి పనికి ఇక్కడ నకలు చేయబడదు" అని రాసి బల్ల వెనక తగిలించాను. ఎవరైనా ఫోన్ తీసి ఎవరిదో పుస్తకం బొమ్మ చూపించగానే నేను వెనక్కి వేలు చూపిస్తాను. రోజుకు నాలుగుసార్లు చూపిస్తున్నాను.

నిన్న టై కట్టుకున్న ఒకాయనకు కూడా చూపించాను. ఏదో కంపెనీలో కొనుగోళ్ళ మేనేజరట. ఎవరో చేసిన తోలు పుస్తకం ఫొటో తెచ్చి, ఇలాంటివి రెండు వందలు కావాలన్నాడు. అట్టముక్క చదివి నవ్వాడు.

"ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది" అన్నాను, బల్లకు వినిపించేంత గొంతుతో.

"పోనీ, కిటికీలో ఉన్న మీ నీలం పుస్తకమే రెండు వందలు చేయండి. నెలాఖరుకి."

నెలకు ఆరు చేస్తానన్నాను. నేనేదో బూతుమాట అన్నట్టు చూశాడు. బయటికి వెళ్ళి, వీధిలో నిలబడి, కిటికీ అద్దంలోంచి ఆ పుస్తకాన్ని ఫొటో తీసుకున్నాడు. మళ్ళీ వచ్చి తలుపు సందులోంచి, "మీరు కాకపోతే చేసేవాళ్ళు లేకనా!" అని చెప్పి మరీ వెళ్ళాడు.

ఆ నీలం పుస్తకం గురించి నీకు ఎన్నిసార్లు రాశానో. వెన్ను మీద అట్ట లేకుండా, కుట్టంతా జడలా బయటికి కనిపించేలా చేయడానికి రెండేళ్ళు పట్టింది. ఈ గదిలో ఇది నాది అని చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఫోన్ చేయమన్నావు. ఫోన్లో నాకు మాటలు రావని తెలిసి కూడా.

నీ
మౌనముని


ప్రియమైన మా మౌనమునికి,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే పక్కింటావిడ "ఏమైందండీ?" అని వచ్చింది. నోరు విప్పవు గానీ కలం పడితే ఒక్కణ్ణి వదలవు కదే!

ఇలాంటివాళ్ళు మా కాలంలోనూ ఉన్నారు. నేను బైండింగు షెడ్డులో ఉన్నప్పుడు ఒక ఆఫీసరు పసుపు అట్టలు అడిగాడు. వేసి పంపాం. "ఇది పసుపు కాదు, నిమ్మపండు" అని ముప్ఫై రిజిస్టర్లు తిప్పి పంపాడు. మా మేస్త్రీ వాటిని వారం రోజులు మూల పడేసి, దుమ్ము దులిపి, అవే మళ్ళీ పంపాడు. "చూశారా, ఇదీ పసుపంటే!" అన్నాడట ఆ మహానుభావుడు. వాళ్ళకు కళ్ళుండవమ్మా. వేళ్ళు మాత్రం ఉంటాయి, తప్పులెన్నడానికి.

ఆ టై వాడి సంగతి చదివితే మాత్రం ఒళ్ళు మండిపోయింది. చేయించుకునేవాడికి సిగ్గు లేదు, సరే. అలాంటి పని ఒప్పుకునేవాళ్ళ చేతులకు ఏం వచ్చింది? చేతులు కాదవి, గరిటెలు. నువ్వు ఆ అట్టముక్క తీయకు. ఇంకా పెద్ద అక్షరాలతో రాయి.

అన్నట్టు, వెన్నుకు జడలా వేశానన్నావే, ఆ కుట్టులో దారం వెనక్కి ఎలా తిప్పుతావు? ఊరికే అడుగుతున్నాను. కళ్ళొచ్చాయి, కాలక్షేపం రావడం లేదు.

వేళకు తిను.

పిన్ని


బుధవారం

ప్రియమైన పిన్నికి,

నువ్వు నన్ను పని గురించి అడగడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నేనే అడిగేదాన్ని. నీ ఉత్తరంలో ఆ రెండు వాక్యాలు నాలుగుసార్లు చదువుకున్నాను.

సూదిని కింది ఫారం దగ్గర ఆపకూడదు. ఇంకా దింపి, దానికింది ఫారం కుట్టు వెనకనుంచి తిప్పి తీసుకురావాలి. అందుకే జడ లావుగా వస్తుంది. ఐదు వరసలూ అంతే. వేరే కాగితం మీద బొమ్మ గీసి పెడుతున్నాను, బాణం గుర్తులు చూసుకో.

మడిచిన కాగితాల కట్టను ఫారం అంటామని సెంటావిడకు చెప్పాను. "దరఖాస్తు ఫారమా?" అంది. ఆవిడ ఈ వారం మూడుసార్లు వచ్చింది. ఆకుపచ్చ పుస్తకానికి జత దొరక్క నిద్ర పట్టడం లేదట. అందులో ఇంతవరకు ఏం రాసిందో చూపించింది. చాకలి లెక్క.

ఇంకొకావిడ తన పుస్తకం వెనక్కి తెచ్చి, చేత్తో చేసింది కాబట్టి అక్కడక్కడ చేత్తో చేసినట్టుందని ఫిర్యాదు చేసింది. నేను తలూపాను. ఇంకేం చేయను?

కుట్టు వేసి చూసి ఎలా వచ్చిందో రాయి.

నీ
మౌనముని


ప్రియమైన పిల్లకి,

బొమ్మ అందింది. కాస్త పనిలో ఉన్నాను. తరవాత రాస్తాను.

పిన్ని


శుక్రవారం

గౌరవనీయులైన పిన్నిగారికి,

మీరు తరవాత రాస్తానన్నారు. మూడు వారాలైంది. ఏం పనిలో ఉన్నారో ఇవాళ తెలిసింది.

టై ఆయన మళ్ళీ వచ్చాడు. సంచిలోంచి ఒక నీలం పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు. "నమూనా చేయించాను. చెప్పండి, మిగతావి మీరు చేస్తారా, వాళ్ళకే ఇచ్చేయనా?" అన్నాడు. సెంటావిడ అక్కడే ఉంది. ఆయన నా పుస్తకాన్ని కిటికీలోంచి తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి, "మేడమ్, ఇందులో అసలుది ఏదో చెప్పండి" అన్నాడు. ఆవిడ రెండింటినీ నిమిరింది. మీరు చేసింది ఎత్తి పట్టుకుంది.

మీరు చేసిందే. కాదని రాయకండి.

దాని అట్ట మీద ఏటవాలుగా ఒక తెల్లటి గీత ఉంది. నా పుస్తకం మీద అలాంటి గీత లేదు. అది మా వీధి దీపస్తంభం. ఆయన అద్దం బయటినుంచి ఫొటో తీశాడు కదా, స్తంభం ప్రతిబింబం కూడా పడింది. ఆ స్తంభాన్ని కూడా భక్తిగా దువ్వెనతో గీసిన మూర్ఖులెవరా అనుకున్నాను. పెదవి విరుస్తూనే పుస్తకం తెరిచాను.

చివరి ఫారంలో, రెండో రంధ్రం దగ్గర, దారం కొస ముడి వేయలేదు. రెండు చుట్లు చుట్టి లోపలికి తోసి ఉంది. ముడి వేస్తే కాగితం ఉబ్బుతుందని అలా చేసేవాళ్ళను నేను ఇద్దరినే ఎరుగుదును. ఒకరు నాకు నేర్పారు. రెండోది నేను.

కుట్టు రహస్యం ఎవరూ దొంగిలించలేదు. నేనే రాసి, బొమ్మ గీసి, బాణాలు వేసి, స్టాంపు అంటించి పంపాను. దానికి మిమ్మల్ని అనేదేం లేదు. ఒప్పుకునేవాళ్ళ చేతులకు ఏం వచ్చిందని మీరే అడిగారు. జవాబు కూడా మీరే రాయండి.

ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. సోమవారం వస్తానన్నాడు.

ఇట్లు,
కొట్టు యజమాని


ఆదివారం, కొరియర్‌లో

ప్రియమైన అని రాస్తే చింపేస్తావేమో. అయినా రాస్తాను.

ప్రియమైన మా పిల్లకి,

నేనే చేశాను. గరిటెలు అని రాసింది కూడా నేనే. అది రాసేటప్పుడు ఆ ఫొటో నా బల్ల మీదే ఉంది. బుద్ధి గడ్డి తిన్నది.

ఆ టై వాడు మా షెడ్డుకు వెళితే మేస్త్రీ నా దగ్గరికి పంపాడట. ఫొటో చూడగానే పోల్చుకున్నాను. నీ ఉత్తరం అంతకుముందు రోజే వచ్చింది కదా. "ఇది మా అమ్మాయి చేసింది, పో అవతలకి" అనబోయాను. నిజంగా, నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆ వెధవ నా చేతుల వంక చూసి, "మీవల్ల కాదులెండి మామ్మగారూ. ఇది కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు చేయాల్సింది" అన్నాడు.

మామ్మగారట! నలభై ఏళ్ళ పనే నాది! వాడి తాత జాతకం కూడా నేనే బైండు చేసి ఉంటాను. "ఇలా తే" అన్నాను. అంతే. ఒక్కటి చేసి మొహాన కొడదామనుకున్నాను. వాడు దాన్ని నీ బల్ల మీదకు తెస్తాడని తట్టలేదు. తట్టి ఉంటే మానేదాన్నా? అదీ తెలియదు. నీకు అబద్ధం రాయను.

ఇంకొకటి కూడా రాస్తాను, ఇది నీకే. నలభై ఏళ్ళు కుట్టాను. ఏ కుట్టు వేసినా దాని మీద జిగురు, జిగురు మీద గుడ్డ, గుడ్డ మీద అట్ట. ఎంత బాగా కుట్టినా ఒక్కడూ చూడలేదు. బాగోకపోయినా చూడలేదు. నీ పుస్తకానికి వెన్ను తెరిచి ఉంటుంది. ఒక్కసారి నా కుట్టు గాలి పీల్చుకుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అందమైనది నాకు నేనుగా తోచదు. ఎప్పుడూ తోచలేదు. ఆ తెల్ల గీత చూసి, ఈ పిల్లకు ఎలా తట్టిందా అని ఈర్ష్యపడ్డాను కూడా. దీపస్తంభమా? నా మొహం మండ.

ఇంకో మాట. నువ్వు రాసిన పద్ధతిలో కుడితే మూడో వరస వదులుగా వస్తుంది. నాకు రెండుసార్లు అలాగే వచ్చింది. మూడోసారి బిగించాను. నీది వదులుగానే ఉండి ఉంటుంది. ఆ సెంటావిడ వేళ్ళకు అదే తగిలింది.

రెండు వందలకూ అవునో కాదో చెప్పమంటున్నాడు. నేనూ ఇంకా చెప్పలేదు. నువ్వు వద్దంటే మానేస్తాను. కానీ వద్దన్నాక నాకేం మిగులుతుందో, అది కూడా రాయి.

పిన్ని


సోమవారం

ప్రియమైన పిన్నికి,

నీ ఉత్తరం పొద్దున పదింటికి వచ్చింది. పదకొండింటికి ఆయన వచ్చాడు.

"ఏం నిర్ణయించుకున్నారు?" అన్నాడు. వేలు చూపించలేదు. లేచి నిలబడ్డాను.

"ఈ నమూనా చేసింది మా పిన్ని" అన్నాను. "ఆవిడ నాకన్నా బాగా కుడుతుంది. ఇది నా పుస్తకానికి నకలు. నకలని తెలిసే చేసింది, సిగ్గుపడుతోంది. మీరు సిగ్గుపడరు కాబట్టి మీతో మాకు పని లేదు. ఇద్దరం చెయ్యం."

"ఆవిడ ఒప్పుకుంటుందండీ, నాతో అలా..."

"మామ్మగారని అన్నారట మీరు. ఇంక ఒప్పుకోదు."

నా గొంతు వీధిలోకి వినిపించిందని ఎదురు కొట్టాయన తరవాత చెప్పాడు. టై ఆయన నమూనా కోసం చెయ్యి చాచాడు. నేను చూసిన చూపుకో, లేక అది ఆయనకు నిజంగా అక్కర్లేకో, వదిలేసి వెళ్ళాడు. సెంటావిడ కూడా ఉంది. "నీకు మాటలు వచ్చా అమ్మా!" అంది. ఆవిడ ఎప్పుడూ ఉంటుంది.

నీ తరఫున కూడా నేనే కాదన్నాను. నిన్ను అడగలేదు. నువ్వూ నన్ను అడగలేదు.

నిన్ను క్షమించానని అనుకోకు. ఆ పుస్తకం చూసినప్పుడల్లా కడుపులో ఇప్పటికీ మండుతోంది. ఎక్కువ మండేది నువ్వు చేసినందుకు కాదు. బాగా చేసినందుకు. నా మూడో వరస వదులని నాకు రెండేళ్ళుగా తెలుసు. కొనేవాళ్ళకు తెలియదులే అనుకున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళను తెలివితక్కువవాళ్ళని తిడుతూనే, వాళ్ళ తెలివితక్కువతనం మీద నా లోపాన్ని దాచుకున్నాను. చివరికి చాకలి లెక్క రాసుకునే మనిషి కనిపెట్టింది.

నీకేం మిగులుతుందని అడిగావు. కిటికీలో ఎడమవైపు ఖాళీ చేశాను. ఒక పుస్తకం చేసి పంపు. నాది చూడకుండా, ఎవరిదీ చూడకుండా. అందమైనది తోచకపోతే అందంగా లేనిదే చెయ్యి. వెన్ను మాత్రం తెరిచి ఉంచు. వీధివైపు తిప్పి పెడతాను. అందులో నా గీత ఒక్కటి కనిపించినా వెనక్కి పంపేస్తాను, అదీ స్టాంపు ఖర్చు నువ్వే పెట్టుకునేలా.

నీ నీలం పుస్తకం విప్పి చూద్దామని కత్తెర తీశాను. తీసిన చోటే పెట్టేశాను.

ఆ మూడో వరస ఎలా బిగించావో నాకు రాయకు. నేనే కనుక్కుంటాను.

నీ
అక్క కూతురు