చివరివాడి మజ్జిగ

తమ్ముడూ రమణా,

మూడు రోజుల సైకిల్ పందెం మళ్ళీ వచ్చింది. ఈ రోజు చిక్కబళ్ళాపురం నుంచి మన బాగేపల్లికి చేరారు, రేపు చింతామణికి బయలుదేరతారు. గూళూరు దారిలో ప్రాక్టీసు చేస్తూ లారీ కింద పడి నువ్వు పోయాక ఇదే మొదటి పందెం.

నాన్న ఎప్పటిలాగే అంగడి ముందు స్టూలు వేసుకుని, మజ్జిగ చెంబుతో కూర్చున్నాడు. ముందు వచ్చినవాళ్ళకు ఆయన ఏనాడూ ఇవ్వలేదు కదా. "గెల్చినోడికి పూలమాల ఉండాది. కడాకు వచ్చేవాడికి ఏముండాది?" అనేవాడు. ఏటా ఆ చెంబు నీకే దక్కేది. గెలవడం నీకు ఎప్పుడు చేతనయింది కనక!

ఈసారి అందరికన్నా వెనక వచ్చినవాడు రొప్పుతూ ఆగి, చెంబు వైపు చూశాడు. నాన్న ఇవ్వలేదు.

"నీ వెనక ఇంగొకడు వస్తాండాడప్పా" అన్నాడు.

ఆ మనిషి వెళ్ళిపోయాడు. పందెం మానుకున్నవాళ్ళను ఎక్కించుకునే వ్యాను కూడా వెళ్ళిపోయింది. నాన్నను నేను లోపలికి రమ్మనలేదు. ఇంకో స్టూలు తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుని, నేనూ చిక్కబళ్ళాపురం దారి వైపే చూశాను.