చందువకు పెట్టిన రంగు

అంకులి, బరంపురం
ఆదివారం

అక్కకు, గౌరి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ మరిది బాగున్నాము. అక్కడ నువ్వు, బావ, అమ్మ బాగున్నారని తలుస్తాను. పాపకు జ్వరం పూర్తిగా తగ్గిందా? కింది పళ్ళు వచ్చాయన్నావు, పైవి కూడా వచ్చాయా? నా గురించి బెంగ పడవద్దు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నువ్వు ఫోను ఎత్తితే పక్కనే అమ్మ ఉంటుంది, అమ్మ పక్కన నూకమ్మ పిన్ని ఉంటుంది, అందరూ వినేలా నువ్వు గట్టిగా పెడతావు. అప్పుడు నాకు నోట మాట రాదు. కాగితం మీదైతే తప్పు రాసినా కొట్టేసి మళ్ళీ రాయవచ్చు. ఇది మూడో కాగితం. మీ మరిది ఐసు బండి రేపు మన ఊరి వైపు వస్తుంది కాబట్టి ఆయన చేతికే ఇస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది చెప్పేస్తాను అక్కా. అమ్మ ఫోనుకు మంగళవారం, శుక్రవారం సాయంత్రం వచ్చే చేపల బొమ్మ నేనే చేస్తున్నాను. అందులో రంగులు తప్పినది నా చేతి మీదే. బడా బజారులో వలల కొట్టు మేడ మీద పని దొరికిందని చెప్పాను కానీ ఏమి పనో సరిగ్గా చెప్పలేదు. ఊడుస్తున్నానని, నీళ్ళు పడుతున్నానని అన్నాను. అవి కూడా చేస్తున్నాను, అబద్ధం కాదు. కంప్యూటరు ముందు కూర్చుంటున్నానని చెప్పడానికి మాత్రం సిగ్గేసింది. ఏడో తరగతి చదివినదానికి కంప్యూటరేమిటని మీరు నవ్వుతారని అనుకున్నాను.

ఆ కొట్టు యజమాని కూతురిని అందరూ అపా అంటారు. ఒడియాలో అక్క అని అర్థం. వాళ్ళు మన తెలుగు కోమట్లే, తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నారు. వలలు కొనడానికి వచ్చే మనవాళ్ళు బజారులో ఏ చేప ఎక్కువైందో, ఏది తక్కువైందో తెలియక గంపలు తెచ్చి వెనక్కి మోసుకుపోతున్నారని చూసి ఆమె ఈ బొమ్మ మొదలుపెట్టింది. బజారులో ఏ చేప ఎన్ని ట్రేలు ఉందో ఫోను చేసి కనుక్కుంటుంది. అది నేను గళ్ళలో వేస్తాను. గళ్ళలో వేస్తే కంప్యూటరు దానంతట అదే కడ్డీలు గీస్తుంది. పొడుగు కడ్డీ అయితే ఆ చేప ఇక్కడ చాలా ఉంది, తేవద్దని. పొట్టి కడ్డీ అయితే లేదు, తెమ్మని. ఇదంతా అమ్మకు తెలిసిందే.

నన్ను ఎందుకు పెట్టుకుందంటే నాకు తెలుగు, ఒడియా రాయడం వచ్చు, చేపలు తెలుసు. అపాకు కంప్యూటరు అంతా తెలుసు కానీ చేపలు తెలియవు. వాళ్ళింట్లో ముట్టుకోరు. మొదటి రోజే నన్ను అడిగింది.

"సందువంటే ఏదే గౌరీ? పెద్దదా సిన్నదా?"

"పళ్ళెంలాగ ఉంటాది అపా. తెల్లగా."

"నాకు పప్పూ సారూ తప్ప ఇంకేటీ తెలీదే. సేపల సంగతి నీదే."

మొదట్లో ప్రతిసారీ బొమ్మ కొత్తగా చేసేవాళ్ళం. కంప్యూటరు ఒకసారి చందువకు నీలం పెట్టేది, ఇంకోసారి ఎరుపు పెట్టేది. అమ్మకు అక్షరాలు రావు, రంగు చూసే పోల్చుకుంటుంది కదా. ఒకరోజు నువ్వే ఫోనులో అన్నావు, "ఏటే గౌరీ, ఆ ఊర్లో సేపలు ఓరానికో సీర కడతాయేటి" అని. నేను నవ్వేశాను. మర్నాడు ఆ మాట అపాకు చెబితే, ఒకసారి మనకు కావలసిన రంగులు, అక్షరాలు పెట్టి దాచుకుంటే ప్రతిసారీ అవే వస్తాయని నేర్పించింది. దాన్ని టెంప్లేటు అంటారు. నేను అచ్చు అనుకున్నాను.

రంగులు నన్నే పెట్టమంది. రొయ్యలకు నారింజ, చందువకు వెండి రంగు, వంజరానికి నీలం, కానాగడతలకు ఆకుపచ్చ, నెత్తళ్ళకు పసుపు. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా ఉన్నవి ఏరాను. బడిలో పలకల మీద రాసినట్టు ఉంటాయవి. ఒక్క నారింజ రంగు కోసమే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చాలా నారింజలు ఉన్నాయక్కా అందులో. అన్నీ ఒకలాగే ఉంటాయి, చూడగా చూడగా ఏదీ నారింజలా కనబడదు.

మూడు వారాలు బాగానే జరిగింది. అమ్మ ఒకసారి ఫోనులో, "ఎవులో గానీ ఇప్పుడు శుబ్బరంగా సేత్తన్నారే" అంది. ఆ రోజు చెప్పేసి ఉండవలసింది.

మొన్నటి శుక్రవారం కాదు, దాని ముందు శుక్రవారం బజారుకు రొయ్యలు రాలేదు. రానిదాన్ని ఎందుకు ఉంచాలని ఆ వరుస తీసేశాను. మిగిలిన నాలుగు చేపలకు ట్రేలు వేసి, అచ్చు నొక్కాను. బొమ్మ వచ్చింది. చందువ కడ్డీ అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. మీ మరిది కూడా మధ్యాహ్నం టీకి వచ్చినప్పుడు, "ఎటు సూసినా సందువేనే" అన్నారు. సరిగ్గానే ఉంది కదా అనుకున్నాను. ఆ కడ్డీ నారింజ రంగులో ఉంటే ఇదేమిటి అనిపించింది. కానీ అచ్చుకు నాకంటే బాగా తెలుసేమో, ఏదో కారణం ఉండి ఉంటుందిలే అనుకున్నాను. అడగడానికి భయమేసింది.

అంతలో కొట్టులో కరెంటు పోయింది. అపా తన ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాపులో నేను అప్పటికే పంపిన బొమ్మ తెరిచి, అక్కడి నుంచి నాకు ఫోను చేసింది. "పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా ఒచ్చినాయే. నువ్వు పెట్టిన అచ్చరాలు దీన్లో లేవు గావాల. పోన్లే, ఆలు రంగే కదా సూత్తారు, పంపీసినాను" అంది. సరే అపా అన్నాను.

తర్వాత ఏమి జరిగిందో నీకు తెలుసు. వెండి రంగు కడ్డీ పొట్టిగా ఉందని అమ్మ, పిన్ని గంపల నిండా చందువ వేసుకుని తెల్లవారుజాము బస్సెక్కారు. మధ్యాహ్నం దాకా బజారులో కూర్చున్నారు. చుట్టూ చందువ గంపలే. పిన్ని తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది, అమ్మ మాత్రం మిగిలిన గంపతో ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చింది. ఇది నీకు చెప్పిందో లేదో.

గుమ్మంలోనే కూలబడింది. నేను నీళ్ళిచ్చాను. గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"ఆ బొమ్మలు గీసిన గుంట ఎవత్తో గానీ, దాని సేతులిరగ! సందువ లేదని సూపించి గంపెత్తించింది. అక్కడ సూత్తే ఊరందరి సందువా అక్కడే ఉంది."

"దానికి తెలీదేమోనే అమ్మా" అన్నాను.

"తెలీకపోతే ఎందుకు సెయ్యాల? తెలిసినోల్ని అడగొచ్చు కదా? నాకు సిగ్గేటంటే, నూకిని నేనే లేపి తెచ్చినాను. అది ఎల్లేటప్పుడు నా మొకం సూడనేదు."

నేను చెబుదామనే అక్కడ నిలబడ్డాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వేటే ఇలాగైపోనావు? తింతన్నావా?" అంది. తింటున్నానే అన్నాను. చందువ కడిగి పులుసు పెట్టమంది. "అల్లుడు తింటాడు" అంది. పెట్టాను. ముగ్గురం తిన్నాము. మీ మరిదికి సంగతి తెలుసు, ఆయన నా వైపు చూడకుండా తిన్నారు. వెళ్ళేటప్పుడు అమ్మ, "ఇంక ఆ ఫోను బొమ్మ నేను సూడను. ఊర్లో ఎవుల్నీ సూడనివ్వను" అని చెప్పి బస్సెక్కింది.

సోమవారం అపాతో చెప్పాను. చెప్పడం కాదు, ఏడ్చాను. ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ వరుస తీసి చూశాము, మళ్ళీ పెట్టి చూశాము. తీసినప్పుడల్లా చేపలన్నీ ఒక చోటు ముందుకు జరుగుతున్నాయి. అప్పుడు కొంచెం తెలిసింది. రంగు చేపకు అంటుకుంటుందని నేను అనుకున్నాను అక్కా. అది చోటుకు అంటుకుంది. బజారులో మొదటి పీట మీద కూర్చునే ఆమె రాకపోతే రెండో ఆమె ఆ పీట మీదికి జరుగుతుంది చూడు, పీట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అలాగన్నమాట. మొదటి చోటుది నారింజ. అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్ళది నారింజ. రొయ్యలు లేకపోతే చందువ కూర్చుంది, చందువ చోట వంజరం కూర్చుంది. ఆ రోజు వంజరం తక్కువ, అందుకే వెండి రంగు కడ్డీ పొట్టిగా వచ్చింది.

ఇంత రాశాను కానీ నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది. నేను చందువ అని రాసి, దాని మీద వెండి రంగు పెట్టి, దాచాను. మరి అది పేరు ఎందుకు గుర్తు పెట్టుకోలేదు? అపాను అడిగితే, "దానికి సదువు రాదే, వరస ఒక్కటే తెలుసు" అంది. నవ్వించడానికి అందో, నిజమే అందో.

ఇప్పుడు ఏమి చేశామంటే, చేప వచ్చినా రాకపోయినా వరుస తీయము. రాకపోతే సున్నా వేస్తాము. కొత్త చేప వస్తే అన్నిటి తర్వాత, చివరలో చేరుస్తాము. అక్షరాలు కూడా రెండు కంప్యూటర్లలోనూ ఉన్నవే పెట్టాను. అవి అంత అందంగా లేవు, సన్నగా ఉన్నాయి. కానీ డబ్బాలు కావు. మార్చి మార్చి ఇరవై సార్లు చూశాను. మళ్ళీ కరెంటు పోతే ఇబ్బంది లేకుండా ఆ పాత ల్యాప్‌టాపులో కూడా తెరిపించి చూశాను.

ఈ వారం బొమ్మ రెండుసార్లూ పంపలేదు. మీ ఊరు ఒక్కటే కాదు, పక్క రెండు ఊళ్ళ ఆడవాళ్ళు కూడా చూడడం మానేశారట. అపా ఒక్క మాటే అంది. "ఆలు సూడకపోతే మానీద్దామే. ఎవులి కోసం సేత్తాం? మంగళారం ఒక్కసారి పంపుదాం. ఆలు నీ ఊరోలు, నువ్వే సెప్పు." నాకు ఆ పని ఉండాలని ఉంది అక్కా. ఇక్కడ గదిలో పగలంతా ఒక్కదాన్నే ఉంటే గోడలు కూడా ఒడియాలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. గాలి ఉండదు, ఆరేసిన బట్టకు ఉప్పు వాసన ఉండదు. పక్కింటి ఆమె మంచిదే, చద్దన్నంలో పెరుగు వేసి పొఖాళొ అని గిన్నెతో ఇస్తుంది, నేను తింటాను, ఆమె ఏదో అడుగుతుంది, నేను తల ఊపుతాను. కొట్టుకు వెళ్తే మాత్రం చేపల పేర్లు చెప్పుకోవచ్చు. బెంగతో రాయడం లేదు, నువ్వు కంగారు పడకు. బాగానే ఉన్నాను.

దీనితో ఒక కాగితం పెట్టాను. కొత్త అచ్చుతో తీసిన బొమ్మ అది. అమ్మకు చూపించి రంగులు సరిపోయాయో లేదో అడుగు. ముఖ్యంగా రొయ్య. నారింజ పెట్టింది నేను కూర గిన్నెలో చూసిన రొయ్యను తలుచుకుని. గంపలో ఉండే పచ్చి రొయ్య ఆ రంగులో ఎక్కడ ఉంటుంది? అమ్మ ఏ రంగు చెబితే ఆ రంగు పెడతాను. సోమవారం సాయంత్రమే మీ మరిదితో కబురు పంపితే మంగళవారానికి మార్చగలను. పనిలో పనిగా ఆయన చేతికి ఎండు నెత్తళ్ళు కొంచెం ఇవ్వు, ఇక్కడివాటిలో అంతా ఇసుకే.

బావను అడిగానని చెప్పు. పాపను ముద్దాడు. అమ్మ కాళ్ళకు, నూకమ్మ పిన్ని కాళ్ళకు నా దండాలు. పిన్నిని నా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు. పెట్టుకున్నా తప్పు లేదు. మీ దీవెనలు ఉంటే చాలు.

ఇంకొక్కటి. ఆ కాగితం కింద కుడి మూలలో చిన్నగా రెండు అక్షరాలు ఉన్నాయి. బొమ్మ ఎవరు చేశారో కింద రాయాలని, తేడా వస్తే ఎవరిని అడగాలో వాళ్ళకు తెలియాలని అపా అంది. నేను కొట్టినది తుడిచాను, మళ్ళీ కొట్టాను, మళ్ళీ తుడిచాను. నిన్న కొట్టి అచ్చులోనే దాచేశాను. ఇక నేను మర్చిపోయినా ప్రతి బొమ్మకూ అది వస్తుంది. అమ్మ వేలు పట్టుకుని ఆ మూల మీద పెట్టి, అది గౌరి అని చెప్పు. మంగళవారం సాయంత్రం ఫోనులో అదే మూలలో ఉంటుంది. చూశాక గంపలో ఏమి వేసుకోవాలో అమ్మ ఇష్టం. మళ్ళీ తప్పు ఉంటే, గంప దించి తిన్నగా నా దగ్గరికే రమ్మను.

నీ చెల్లెలు
గౌరి