మీ మొక్కులు మోస్తున్న పిల్ల

నెల్లిమర్ల,
సోమవారం పొద్దున్న.

అక్కా, నీ కూతురు హారిక ఆఖరిసారి కడుపు నిండా ఎప్పుడు తిన్నదో నీకు తెలుసా? దేవుడి పటం ముందు నిలబడి చెప్పగలవా?

కోపం తెచ్చుకోకు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? ఫోన్‌లో అడిగితే అందరం బాగున్నాం అంటావు. నువ్వు ఎప్పుడూ అదే అంటావు, అందుకే నమ్మను. ఇక్కడ నేనూ లక్ష్మీ బాగానే ఉన్నాం. నిజంగానే బాగున్నాం. కొట్లో పని ఎక్కువ, ఉక్క ఇంకా ఎక్కువ. జూట్ మిల్లు కూత వింటూ లేస్తాం, అది విన్నాకే పడుకుంటాం. ఇరుగుపొరుగు మంచివాళ్లే. అందరూ "ఏమండీ" అని పిలుస్తారు, "ఒరే సత్యం" అనేవాళ్లు మాత్రం లేరు. ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద నాకు తెలిసిన నాలుగు మంచి మాటలు చెబుతున్నాను. మిల్లు వాళ్లు పిల్లల్ని తీసుకుని వస్తున్నారు.

ఇక హారిక సంగతి. విజయనగరం హాస్టల్లో గోల, చదువు సాగట్లేదు మావయ్యా అంటే, పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో ఉండమన్నాను. వచ్చిన మొదటిరోజే నాకు అనుమానం వచ్చింది. పుస్తకం తెరిచి కూర్చుంటుంది, పేజీ తిరగదు. లక్ష్మి కంచం పెడితే "ఆకలి లేదత్తా" అంటుంది. కాఫీ మాత్రం గ్లాసు మీద గ్లాసు. పలకరిస్తే కసురుతుంది, తర్వాత తనే ఏడుస్తుంది. దువ్వెన నిండా జుట్టు.

ముందు హాస్టల్ తిండిని అనుమానించాను. తర్వాత కాలేజీని. ఆ తర్వాత, దాచడమెందుకు, ఎవడో కుర్రాణ్ని అనుమానించాను. శుక్రవారం సాయంత్రం ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోయింది. తలుపు వెనక నిలబడి విన్నాను.

"లేదు, ఎవలికీ సెప్పలేదు. ఒట్టు. మావయ్యకి అసలే తెలీదు."

నా ఒళ్లు మండిపోయింది. లక్ష్మితో చెబితే నవ్వింది. "మీకు కాకి అరిసినా అనుమానమే. పిల్ల సేతులు సూడండి ముందు, వణికిపోతన్నాయి," అంది. నేను చేతులు చూడలేదు, ఫోనే చూశాను.

నిన్న అరుగు మీద, పరమాత్మ అర్జునుడికి చెప్పిన మాట ఎత్తుకున్నాను. మితిమీరి తినేవాడికి యోగం కుదరదు, బొత్తిగా తిననివాడికీ కుదరదు. అదేపనిగా నిద్రపోయేవాడికీ లేదు, నిద్ర మానేసినవాడికీ లేదు. చదువూ యోగమే నాయనా, శ్రీకూర్మం గుడిలో తాబేళ్లను చూడండి, కాళ్లు లోపలికి లాక్కుని కాసేపు ఊరుకుంటాయి, అంతమాత్రాన నడక మర్చిపోయాయా అని గొంతెత్తి అడిగాను. అందరూ తలలూపారు. గుమ్మంలో కూర్చున్న హారిక అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, మొక్కినోలు ఒకలు, ఉపాసం ఉన్నోలు ఒకలు అనుకో. మద్దిలో మానేత్తే పాపం ఎవలికి?"

నన్ను పరీక్షిస్తోంది అనుకున్నాను. శాస్త్రం తీసి జవాబు చెప్పబోయాను. లక్ష్మి నన్ను పక్కకు నెట్టి, దాని భుజాలు పట్టుకుంది.

"ఎవలు మొక్కారే? నాతో సెప్పు."

అప్పుడు బయటపడింది అక్కా. పరీక్షలు గట్టెక్కాలని మొక్కింది మీరు, ఉపవాసాలు దానికి. శనివారాలు అమ్మ మొక్కు, అన్నం ముట్టకూడదు. సోమవారాలు నీ మొక్కు, చుక్క పొడిచేదాకా నీళ్లే. గురువారాలు బావగారి మొక్కు, ఒంటిపూట. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండి ఒకరికి తెలియకుండా ఒకరు మొక్కారు, బయటికి చెబితే ఫలం పోతుందని ముగ్గురూ దానిచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ శుక్రవారం ఫోన్ చేసింది ఎవరో తెలుసా? మన అమ్మ. "రేపు శనివారం, గుర్తున్నాదా?" అని. మిగతా రోజులు తిందామన్నా దాని కడుపు ఎండిపోయి అన్నం దిగట్లేదు. నీరసానికి కాఫీ, కాఫీకి నిద్ర రాదు, నిద్ర లేక చదివింది తలకెక్కదు.

వెక్కుతూ ఏమందో విను. "ఇప్పుడు సెప్పేసాను కదత్తా. ఫెయిలయిపోతానా?"

లక్ష్మి రాగి పిండితో చోడి అంబలి కాచి తెచ్చింది. ఆదివారం ఎవరి మొక్కూ లేదు కాబట్టి తాగింది. నేను చంపావతి ఏటి గట్టు దాకా నడిపించి తీసుకొచ్చాను, పుస్తకం మూయించి పడుకోబెట్టాను. పొద్దున్న ఇడ్లీ పెడితే మళ్లీ చేతులు వెనక్కి. ఈరోజు సోమవారం. పాపం ఉంటే నాది, తినమన్నాను. "నువ్వు సెప్తే అవ్వదు మావయ్యా. మొక్కినోలు ఇడిసిపెట్టాల," అంది. ఇన్ని ఆదివారాలు ఇంతమందికి చెప్పినవాణ్ని, నా మాట ఆ పిల్లకు చాల్లేదు. రేపు మొదటి పరీక్ష.

ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుపు మొదలుపెడతావు, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే మా కొట్టు సరుకులతో మన ఊరు వస్తున్న వ్యాన్ డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మధ్యాహ్నానికి నీకు అందుతుంది. అతను తిరిగి వచ్చేటప్పుడు మన ఊరి పిండిమర చోడి పిండి పంపు. కాఫీ పొడి ఇంక పంపొద్దని బావగారితో చెప్పు. తమ్ముడికి ప్రతిదీ అనుమానమే అని దీన్ని పోపుల డబ్బా కింద పెట్టేస్తావేమోనని నాకు అదీ అనుమానంగానే ఉంది.

అమ్మ కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టు. మా ఇద్దరి మీదా ఆమె చెయ్యి ఉండాలి.

దేవుడికి మాట ఇచ్చింది మీరు, ఆ ఉపవాసాలు మీరే ఉండండి, ఆయన కాదనడు. అమ్మనూ బావగారినీ పిలిచి ఈ ఉత్తరం గట్టిగా చదువు. చుక్క పొడిచేదాకా ఆగొద్దు. ఇప్పుడే హారికకు ఫోన్ చెయ్యి. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు, మీ నోటితో, "నా మొక్కు నేను తీసుకున్నానమ్మా, అన్నం తిను" అని చెప్పండి. లక్ష్మి కంచం పెట్టుకుని కూర్చుంది. చెయ్యి అక్కా, ఇప్పుడే.

నీ తమ్ముడు,
సత్యం